లగ్జరీ డీజిల్ ఎస్‌యూవీ మైలేజ్ పడిపోయిందా? ఇంజెక్టర్ల మీద పడే ముందు ఇవి చూడండి

"కాగితం మీద లీటరుకు 13 అన్నారు, నాకు 8 కూడా రావట్లేదు." కోటికి అటూఇటూ పెట్టి డీజిల్ ఎస్‌యూవీ కొన్నవాళ్ల దగ్గర ఎక్కువగా వినే మాట ఇది. అప్పటికే ఎయిర్ ఫిల్టర్ మారి ఉంటుంది, ఇంజెక్టర్ క్లీనింగ్ అయి ఉంటుంది, ఎవరో చెప్పారని ట్యాంకులో ఏదో బాటిల్ పోసి ఉంటారు. సరేనండీ, ఆ 8 ఎలా లెక్కపెట్టారు అంటే మాత్రం "డిస్‌ప్లేలో చూపిస్తోంది" అంటారు.

ముందు ఆ నంబరు నిజమో కాదో తేల్చండి

డిస్‌ప్లేలో కనిపించేది అంచనా. డీజిల్ చల్లే ఇంజెక్టర్లు ఎంతసేపు తెరుచుకున్నాయో చూసి కంప్యూటర్ వేసుకునే లెక్క అది. పైగా చాలా బండ్లలో "స్టార్ట్ చేసినప్పటి నుంచి", "రీసెట్ చేసినప్పటి నుంచి" అని రెండు లెక్కలుంటాయి. పిల్లల్ని స్కూల్లో దింపి వచ్చాక మొదటిది చూసి కంగారుపడటంలో అర్థం లేదు.

ట్యాంక్ టు ట్యాంక్ చూడండి, అంటే ఒకసారి నింపి, మళ్లీ నింపేదాకా తిరిగిన కిలోమీటర్లని రెండోసారి పట్టిన లీటర్లతో భాగించండి. అదే బంకు, వీలైతే అదే నాజిల్, మొదటి ఆటో కట్‌కి ఆపేయాలి. "రౌండ్ ఫిగర్ చేసేయమంటారా సార్" అంటే వద్దనండి. ఈ బండ్లలో చాలావాటి ట్యాంకులు 80 లీటర్ల దరిదాపుల్లో ఉంటాయి. 20 లీటర్లు మాత్రమే నింపి లెక్క కడితే, నాజిల్ రెండు లీటర్లు అటూఇటూ ఆగినా 10 శాతం తేడా వస్తుంది. సగం ట్యాంకు పైన ఖాళీ అయ్యాకే నింపండి, మూడు ఫిల్లింగుల సగటు తీసుకోండి. ఈ పని చేయమంటే చాలామంది విసుక్కుంటారు. వర్క్‌షాప్ బిల్లుకి మాత్రం విసుక్కోరు.

మీరు గానీ పాత ఓనరు గానీ పెద్ద చక్రాలు వేయించి ఉంటే, టైరు బయటి వ్యాసం కంపెనీ సైజుతో సమానంగా ఉందో లేదో చూడండి. లేకపోతే ఓడోమీటర్ కిలోమీటర్లే తప్పు.

తర్వాత గాలి. ఎంత ఉండాలో డ్రైవర్ డోర్ తీస్తే పిల్లర్ మీద స్టిక్కర్ ఉంటుంది. ముందు టైర్లకి ఒకటి, వెనక టైర్లకి ఒకటి, ఫుల్ లోడ్‌కి ఇంకొకటి రాసి ఉంటాయి. పంక్చర్ షాపులో మాత్రం వచ్చిన ప్రతి కారుకీ 32 కొట్టి పంపేస్తారు. రెండు టన్నులు దాటిన బండికి అది చాలకపోవచ్చు. వార్నింగ్ లైట్ రాలేదు కదా అనకండి, చాలా బండ్లలో గాలి ఐదో వంతో నాలుగో వంతో తగ్గేదాకా ఆ లైట్ వెలగదు. టైరు చల్లగా ఉన్నప్పుడు, అంటే పొద్దున్నే బండి తీయకముందు చూడండి.

కాగితం మీది నంబరు ఎక్కడ పుట్టింది

మన దగ్గర చెప్పే అధికారిక మైలేజ్ రోడ్డు మీద తీసింది కాదు. మామూలుగా పుణెలోని ఏఆర్ఏఐ లాంటి వాహనాల టెస్టింగ్ సంస్థలో, బండిని రోలర్ల మీద నిలబెట్టి, ఎంఐడీసీ అనే పద్ధతిలో సుమారు 20 నిమిషాలు నడిపి కొలిచింది. ఆ టెస్టులో స్పీడు గంటకు 90 దాటదు. ఏసీ ఆఫ్. ఎండ ఉండదు, ఎదురుగాలి ఉండదు, ఫ్లైఓవర్ ఎక్కే పని ఉండదు.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) మీద లిమిటే 120. గాలి వెనక్కి నెట్టే బలం స్పీడు వర్గంతో పెరుగుతుంది కాబట్టి, 90లో ఉన్నదానికి 120లో సుమారు 1.8 రెట్లు అవుతుంది. అంత ఎత్తు, అంత వెడల్పు ఉన్న బండికి ఇది చిన్న విషయం కాదు. సిటీలో ఏసీతో తిరిగితే కాగితం కంటే పాతిక, ముప్ఫై శాతం తగ్గడాన్ని నేను రోగం కింద లెక్కేయను. మనకంటే కఠినమైన డబ్ల్యూఎల్‌టీపీ అనే టెస్టు పద్ధతి వచ్చాక కూడా, యూరప్‌లో పెట్రోల్, డీజిల్ కార్లు రోడ్డు మీద అధికారిక లెక్క కంటే సగటున 20 శాతం దాకా ఎక్కువ తాగుతున్నాయని యూరోపియన్ కమిషన్ 2024లో చెప్పింది.

అమెరికాలో ఉన్న బావగారి బండితో పోల్చుకుని బాధపడేవాళ్లకి ఒక మాట. అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ వేసే మైలేజ్ లెక్కలో 2008 మోడళ్ల నుంచి ఏసీ వేసి నడిపే టెస్టు, దూకుడుగా నడిపే టెస్టు, చలిలో నడిపే టెస్టు కూడా కలుపుతున్నారు. అందుకే వాళ్ల నంబరు రోడ్డుకి కాస్త దగ్గరగా ఉంటుంది. ఇంకోటి, బ్రిటిష్ గ్యాలన్ వేరు, అమెరికన్ గ్యాలన్ వేరు. గ్యాలన్‌కి 25 మైళ్లంటే అమెరికా లెక్కలో లీటరుకు 10.6, బ్రిటన్ లెక్కలో 8.9 కూడా రాదు. ఇంగ్లిష్ రివ్యూలు చూసి గొడవకి వచ్చేవాళ్లు ముందు ఆ రివ్యూ ఏ దేశానిదో చూసుకోవాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న. కొన్న రోజు నుంచీ ఇంతేనా, లేక మధ్యలో పడిపోయిందా?

మొదటి నుంచీ ఇంతే అయితే బండిలో వెతక్కండి, వాడకంలో వెతకండి. సార్ మీటింగులో ఉన్నంతసేపూ డ్రైవర్ ఏసీ వేసుకుని కూర్చుంటే, మూడు లీటర్ల ఇంజన్ గంటకు లీటరో, అంతకంటే ఎక్కువో తాగుతుంది. ముందుకు వెళ్లేది సున్నా కిలోమీటర్లు. దానికి ఏ మెకానిక్ దగ్గరా మందు లేదు.

మధ్యలో పడిపోయి ఉంటే మాత్రం కింద చెప్పేది మొత్తం చదవండి.

లక్షణం: మైలేజ్ 20, 30 శాతం పడిపోయింది, లైట్ ఏదీ వెలగలేదు, పికప్ బాగానే ఉంది

నన్ను బాగా తిప్పలు పెట్టిన లక్షణం ఇదే. స్కానర్ పెడితే ఫాల్ట్ కోడ్ ఉండదు. టెస్ట్ డ్రైవ్‌లో బండి బాణంలా పోతుంది. ఏమీ లేదని పంపించేస్తే వారానికి మళ్లీ వస్తుంది.

దాంతోపాటు ఈ చిన్న చిన్న గుర్తులు ఉన్నాయేమో ఓనర్ని కాదు, డ్రైవర్ని అడగండి. సిగ్నల్ దగ్గర ఐడిల్ మామూలు కంటే కొంచెం పైన ఉంటోందా? బండి ఆపి తాళం వేసి వెళ్తుంటే ఫ్యాన్ ఇంకా గట్టిగా తిరుగుతోందా? పార్కింగ్‌లో కాలిన వాసన వస్తోందా? సిగ్నల్లో తనంతట తాను ఆగాల్సిన ఇంజన్ కొన్ని రోజులు అసలు ఆగట్లేదా? ఇందులో రెండు ఉన్నా చాలు, ఇంజెక్టర్లు వదిలేసి డీపీఎఫ్ వైపు చూడండి.

డీపీఎఫ్ అంటే సైలెన్సర్ లైనులో పొగమసిని పట్టే ఫిల్టర్. 2020 ఏప్రిల్ నుంచి అమ్మిన బీఎస్6 డీజిల్ కార్లలో ఇది ఉంటుంది. మసి కొంత పోగయ్యాక కంప్యూటర్ దాన్ని కాల్చేస్తుంది. ఆ పనినే రీజెన్ అంటాం. కాల్చడానికి ఫిల్టర్ దగ్గర సుమారు 600 డిగ్రీల వేడి కావాలి. ఆ వేడి కోసం ఇంజన్ అదనంగా డీజిల్ చల్లుతుంది. చక్రం తిప్పడానికి కాదు, కేవలం సైలెన్సర్ని వేడెక్కించడానికి. మొత్తం పని 10 నుంచి 20 నిమిషాలు పడుతుంది, అంతసేపూ బండి కదులుతూ ఉండాలి.

హైవే మీద తిరిగే బండికి ఇది కొన్ని వందల కిలోమీటర్లకోసారి జరిగిపోతుంది, మీకు తెలియను కూడా తెలియదు. జూబ్లీహిల్స్ ఇంటి నుంచి మాదాపూర్ ఆఫీసుకీ, మళ్లీ ఇంటికీ తిరిగే బండి సంగతి వేరు. రీజెన్ మొదలై అయిదు నిమిషాలు కాకముందే ఆఫీసు వచ్చేస్తుంది, ఇంజన్ ఆపేస్తారు. సాయంత్రం మళ్లీ మొదటి నుంచి మొదలు. తడి కట్టెల పొయ్యి అంటుకునేలోపే ఆర్పేసి, పూటపూటకీ కిరసనాయిలు పోసి వెలిగించినట్టు ఉంటుంది వ్యవహారం. వంట అవదు, కిరసనాయిలు మాత్రం అయిపోతుంది.

లెక్క చూడండి. ఒక రీజెన్‌కి అర లీటరు అదనంగా పోతుందనుకుందాం. లీటరుకు 10 ఇచ్చే బండికి 500 కిలోమీటర్లకు ఒకసారి అయితే, 50 లీటర్లలో అర లీటరు, ఒక్క శాతం. అదే బండి రోజుకు 10 కిలోమీటర్లే తిరుగుతూ, రోజూ సగంలో ఆగే రీజెన్‌కి పావు లీటరు పోస్తే? లీటరుకు పావు లీటరు అదనం. మైలేజ్ 10 నుంచి 8కి పడిపోయింది. ఇంజన్‌లో ఏ భాగమూ చెడిపోలేదు, అందుకే కోడ్ రాదు.

దీనికి ఇంకో ముడి ఉంది. చాలా ఇంజన్లలో ఆ అదనపు డీజిల్‌ని సిలిండర్లోకే చల్లుతారు. కాలని డీజిల్ కొంత రింగులు దాటి కిందికి జారి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ లెవెల్ తగ్గడం కాదు, పెరుగుతుంది. "ఆయిల్ అసలు తాగట్లేదండీ, మంచి ఇంజన్" అని సంతోషపడేవాళ్లున్నారు. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. డిప్‌స్టిక్ లేని మోడల్ అయితే స్క్రీన్ మీద ఆయిల్ లెవెల్ మ్యాక్స్ దాటిందేమో చూడండి. పలచబడిన ఆయిల్‌తో టర్బో బేరింగులు పోతే మైలేజ్ గొడవ మర్చిపోతారు.

ఎలా నిర్ధారించాలంటే, కోడ్ చదివే స్కానర్ చాలదు, లైవ్ డేటా చూపించేది కావాలి. అందులో మసి ఎన్ని గ్రాములుంది, చివరిసారి పూర్తయిన రీజెన్ తర్వాత ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, అంతకుముందు ఎంత దూరానికోసారి జరిగింది అని ఉంటాయి. దూరాలు వందల్లో ఉంటే ఆరోగ్యం. అరవై, డెబ్బై కిలోమీటర్లకోసారి మొదలవుతూ పూర్తి కాకపోతే దొంగ దొరికినట్టే.

పరిష్కారం ఖరీదైనది కాదు. ట్యాంకులో సగమైనా డీజిల్ ఉంచుకోండి, తక్కువుంటే చాలా బండ్లు రీజెన్ మొదలుపెట్టవు. చెక్ ఇంజన్ లైట్ ఉంటే ముందు దాని సంగతి చూడండి, అది ఉన్నా చాలావాటిలో రీజెన్ ఆగిపోతుంది. తర్వాత గచ్చిబౌలిలో ఓఆర్ఆర్ ఎక్కి శంషాబాద్ దాకా వెళ్లి రండి. 80, 90లో నిలకడగా, గేరు ఒకటి తగ్గించి ఆర్పీఎం 2000 పైన ఉండేలా. మధ్యలో టీకి ఆపొద్దు. వచ్చాక లైవ్ డేటాలో మసి గ్రాములు బాగా తగ్గాలి. ఆ తర్వాత ఆయిల్ మార్పించండి, ముందు కాదు. డీపీఎఫ్ బండ్లకని చెప్పిన, బూడిద తక్కువ వచ్చే గ్రేడే పోయించండి. ఆపైన వారానికో, పది రోజులకో అలాంటి అరగంట పరుగు అలవాటు చేయండి. ఫ్యాన్ హోరెత్తుతున్నప్పుడు బండి ఆపకుండా ఇంకో రౌండ్ వేయమని డ్రైవర్‌కి చెప్పండి.

పరుగు పెట్టినా మసి తగ్గకపోతే

ఇక్కడే ఎక్కువమంది వర్క్‌షాప్ వాళ్లు ఫిల్టర్ మార్చాలని లక్షల్లో కొటేషన్ ఇస్తారు. ఆగండి. థర్మోస్టాట్ చూడమనండి, అంటే ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌లోకి పోనివ్వని వాల్వు.

ఇంజన్ తగినంత వేడెక్కకపోతే కంప్యూటర్ రీజెన్‌ని మొదలుపెట్టదు, పెట్టినా మధ్యలో వదిలేస్తుంది. థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుపోతే కూలెంట్ ఎప్పుడూ రేడియేటర్‌లోకి పోతూనే ఉంటుంది, ఇంజన్ 70 డిగ్రీల దగ్గర తచ్చాడుతుంది. చల్లని ఇంజన్ డీజిల్ కూడా ఎక్కువ తాగుతుంది. అంటే దెబ్బ రెండువైపులా. మీటర్లో ముల్లు సరిగ్గా మధ్యలోనే ఉంది కదా అంటారు. యూరప్ బండ్లలో చాలావాటికి ఆ ముల్లు మిమ్మల్ని కంగారు పెట్టకుండా తయారుచేసింది. కూలెంట్ 75 ఉన్నా, 100 దాటినా అది 90 మీదే కూర్చుంటుంది. కొన్ని మోడళ్లలో ఆ మీటరే తీసేశారు.

పొద్దున్నే చల్లటి ఇంజన్‌తో బయల్దేరి, స్కానర్లో కూలెంట్ టెంపరేచర్ చూస్తూ పావుగంట హైవే మీద నడపండి. 90 దగ్గరికి చేరి అక్కడే ఉండాలి. స్పీడు పెరిగి గాలి తగలగానే 70ల్లోకి జారితే థర్మోస్టాట్ పోయినట్టే. కొన్నిసార్లు పీ0128 కోడ్ మెమరీలో ఉంటుంది, చాలాసార్లు అదీ ఉండదు. హైదరాబాద్‌లో దీన్ని పట్టుకోవడం ఎందుకు కష్టమంటే, ఏప్రిల్, మే ఎండల్లో ఇంజన్ ఎలాగోలా వేడెక్కి లోపం దాక్కుంటుంది. డిసెంబర్లో పడి వేసవిలో కోలుకునే మైలేజ్ కనిపిస్తే, బంకువాణ్ణి తిట్టడం మానేసి థర్మోస్టాట్ మార్చండి. ఫిల్టర్ ఖరీదు ముందు దాని ధర లెక్కలోకి రాదు.

థర్మోస్టాట్ కూడా బాగుంటే, డీపీఎఫ్‌కి రెండువైపులా ఒత్తిడి కొలిచే సెన్సర్ రబ్బరు పైపులు పగిలాయేమో చూడండి. అవి తప్పు లెక్క చెబితే కంప్యూటర్ ఖాళీ ఫిల్టర్ని కూడా నిండిందనుకుంటుంది. లక్షన్నర, రెండు లక్షల కిలోమీటర్లు తిరిగిన బండి అయితే బూడిద నిండి ఉండొచ్చు. మసి కాలుతుంది గానీ బూడిద కాలదు, ఫిల్టర్ విప్పి కడిగించాలి. "డీపీఎఫ్ తీసేసి సాఫ్ట్‌వేర్ మార్చేస్తాం సార్" అనేవాళ్ల జోలికి పోకండి. అది చట్టవిరుద్ధం, వారంటీ పోతుంది, వెనక వచ్చేవాడి ముఖాన మసి కొట్టడం అదనం.

మిగతావి

బ్రేకు పట్టేస్తోందా? కాసేపు తిరిగొచ్చాక నాలుగు రిమ్ముల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి, ఒకటి మాత్రమే కాలుతుంటే అదే. టర్బో పైపు లీకైతే పికప్ పోతుంది, శబ్దం వస్తుంది, మీకే తెలుస్తుంది. ఇంజెక్టర్ నిజంగా పోతే ఐడిల్లో బండి వణుకుతుంది, పొగ వస్తుంది. డీజిల్ లీకైతే వాసన ఆగదు. పైన కట్టిన రూఫ్ బాక్సు టూర్ అయ్యాక తీసేయండి.

పెట్రోల్ వాళ్లకి ఇదంతా వర్తించదు. మీ బండి పాతదైతే ఈ20 పెట్రోల్‌తో, అంటే 20 శాతం ఇథనాల్ కలిపినదానితో, కొంత తగ్గడం సహజం. ఇథనాల్లో శక్తి పెట్రోల్‌లో మూడింట రెండు వంతులే. అలాంటి కార్లలో 6, 7 శాతం తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే రాశారు.

ప్లగిన్ హైబ్రిడ్ అయితే, యూరప్ రోడ్ల మీద అవి కాగితం కంటే సుమారు మూడున్నర రెట్లు తాగుతున్నాయని పైన చెప్పిన యూరోపియన్ కమిషనే లెక్క తేల్చింది. కారణం వెతకడానికి స్కానర్ అక్కర్లేదు. డిక్కీ తీసి, చార్జింగ్ కేబుల్ కవర్ చింపారో లేదో చూడండి.