రోజువారీ అద్దె ఫ్లాట్లపై గది రుసుము: విశాఖలో శ్రామికుల ఇళ్లకు నిధి సమకూర్చడం ఎలా

లాసన్స్ బే కాలనీలోనో సాగర్‌నగర్‌లోనో ఉన్న మూడు పడకగదుల ఫ్లాటును ఒక కుటుంబానికి నెల అద్దెకు ఇవ్వడం కంటే పర్యాటకులకు రోజు లెక్కన ఇవ్వడమే లాభసాటి అని యజమాని గ్రహించిన నాటి నుంచి, ఆ ఫ్లాటు నగరంలోని అద్దె ఇళ్ల లెక్కలోంచి జారిపోతుంది. ఉదయం పదకొండుకు ఒక బృందం ఖాళీ చేస్తుంది, మధ్యాహ్నం ఒంటిగంటకు మరో బృందం దిగుతుంది. ఆ రెండు గంటల్లో దుప్పట్లు మార్చి, స్నానాలగదులు కడిగి, ఇసుక ఊడ్చే మహిళ ఆరిలోవ నుంచి షేర్ ఆటోలో వస్తుంది. తాళంచెవి అందించే వాచ్‌మన్ భార్యాబిడ్డలతో సెల్లారులో, మెట్ల కింది గదిలో కాపురముంటాడు. ఇలాంటి ఫ్లాట్ల నుంచి ఏటా కొంత రుసుము వసూలు చేసి, వాటిని నడిపిస్తున్న శ్రామికుల నివాసానికే ఖర్చు పెట్టాలని ప్రతిపాదించదలచిన కాలనీ సంఘాలకు, కార్పొరేటర్లకు, కార్మిక సంఘాలకు ఉపయోగపడే విధంగా ఆ పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

మొదట తేల్చుకోవలసింది వసూలు రూపం. అద్దెలో ఇంత శాతం అని అడగాలనే ఆలోచన అందరికీ ముందుగా వస్తుంది, కానీ మన దేశంలో ఆ దారి దాదాపు మూసుకుపోయింది. 2016లో జరిగిన 101వ రాజ్యాంగ సవరణతో రాష్ట్ర జాబితాలోని 62వ అంశం నుంచి, గది అద్దెలపై రాష్ట్రాలు వేసే విలాస పన్ను తొలగిపోయి, వినోదాలపై స్థానిక సంస్థలు వేసే పన్ను మాత్రమే మిగిలింది. గది అద్దెపై పన్ను జీఎస్టీలో కలిసింది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు ఉన్న గదికి 5 శాతం, అంతకు మించితే 18 శాతం వర్తిస్తోంది. అందువల్ల విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) అద్దె మొత్తంపై మరో శాతం వేయబోతే, అది రుసుము పేరుతో వేసిన పన్నే అని ఎవరైనా న్యాయస్థానానికి వెళ్లవచ్చు. గదికి ఏడాదికి ఇంత అని లైసెన్సుతో పాటు తీసుకునే స్థిరమైన మొత్తానికి ఆ ప్రమాదం తక్కువ.

ఇతర దేశాల్లో రెండు రూపాలూ అమలులో ఉన్నాయి. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 2025 జనవరి 1 నుంచి 28 రోజులలోపు బసలపై 7.5 శాతం సుంకం వసూలు చేస్తూ, ఆ సొమ్మును సామాజిక గృహాలకు కేటాయిస్తోంది. అమెరికాలోని కొలరాడోలో స్టీమ్‌బోట్ స్ప్రింగ్స్ పట్టణం 2022 నవంబరులో ఓటర్ల ఆమోదంతో 9 శాతం పన్ను తెచ్చుకుంది. అదే రాష్ట్రంలోని బ్రెకెన్‌రిడ్జ్ మాత్రం పన్ను జోలికి పోకుండా పడకగదికి ఏటా ఇన్ని డాలర్లు అనే నియంత్రణ రుసుమును ఎంచుకుంది. 2022లో అది 400 డాలర్లు, 2023లో 756. కొత్త పన్నుకు ఓటర్ల అనుమతి తప్పనిసరి చేసిన చట్టం కొలరాడోలో 1992 నుంచి ఉండడం వల్ల పన్నుకు, రుసుముకు అక్కడ ఆచరణలో పెద్ద తేడా ఉంది. మన కారణాలు వేరైనా, మనం అనుసరించదగినది బ్రెకెన్‌రిడ్జ్ నమూనానే అని నా అభిప్రాయం.

పన్నుకైనా రుసుముకైనా చట్టం ఆధారం ఉండాలి. రాజ్యాంగంలోని 243ఎక్స్ అధికరణం ప్రకారం మునిసిపాలిటీలు పన్నులు, రుసుములు వసూలు చేసుకునే అధికారాన్ని రాష్ట్ర శాసనసభ చట్టం ద్వారా ఇవ్వాలి. కాబట్టి కౌన్సిల్ తీర్మానం ఆరంభం మాత్రమే. రాష్ట్ర పురపాలక శాఖ దాకా దస్త్రం కదిలి, అవసరమైతే చట్ట సవరణ జరగాలి. రుసుముకు, దానివల్ల జరిగే మేలుకు మధ్య సంబంధం చూపాలన్న సూత్రం 1954 నాటి సుప్రీంకోర్టు శిరూరు మఠం తీర్పు నుంచి ఉన్నదే. అయితే మన రాష్ట్రపు మార్కెట్ రుసుములపై వచ్చిన శ్రీనివాస జనరల్ ట్రేడర్స్ కేసులో 1983లో సుప్రీంకోర్టు, ఆ సంబంధం పైసల దాకా సరిపోనక్కరలేదని, స్థూలంగా ఉంటే చాలునని చెప్పింది. ప్రతిపాదన ముసాయిదాలో ఈ తీర్పు ప్రస్తావన ఉండాలి.

తరువాతిది జాబితా, అసలు కష్టం ఇక్కడే. యాప్‌లో కనిపించే ప్రకటనలో డోర్ నంబరు ఉండదు, బాల్కనీలోంచి సముద్రం మాత్రం ఉంటుంది. రుషికొండ, ఎంవీపీ కాలనీ, భీమిలి బీచ్ రోడ్డు వెంట వార్డు సచివాలయ సిబ్బంది ఇంటింటికీ వెళ్లడం కంటే, ఉన్న రికార్డులను సరిపోల్చడం చవక. ఇంటిపన్ను అసెస్‌మెంటులో నివాసంగా ఉండి, ఈపీడీసీఎల్ విద్యుత్ మీటరు మాత్రం వాణిజ్య కేటగిరీకి మారిన ఫ్లాట్లు మొదటి దఫాలోనే బయటపడతాయి. ఆపై ప్రతి ఫ్లాటుకు ఒక నమోదు సంఖ్య ఇచ్చి, అది లేనిదే ప్రకటన పెట్టరాదని బుకింగ్ సంస్థలపై షరతు విధించాలి. ఈ షరతు లేకుండా రుసుము ప్రకటిస్తే, నిజాయితీగా నమోదు చేసుకున్న నలుగురే కడతారు.

రుసుము మొత్తాన్ని బేరసారాలతో కాక లెక్కతో నిర్ణయించాలి. అంకెలు ఊహించినవే అయినా, లెక్క ఇలా ఉంటుంది. ఒక పడకగది ఏడాదికి 200 రాత్రులు నిండి, సగటు బస రెండు రాత్రులైతే, వంద సార్లు శుభ్రం చేయాలి. ఒక్కోసారికి గంటన్నర చొప్పున 150 గంటలు, ఉతుకుడుకు 50, కాపలాకు, తాళం అప్పగింతకు 100, మొత్తం 300 గంటలు. ఒక శ్రామికుడి ఏడాది పనిని 2,400 గంటలుగా తీసుకుంటే, ఒక గది ఒక మనిషి పనిలో ఎనిమిదో వంతు కోరుతోంది. ఆ మనిషి జీతం 15,000 అయితే అందులో 30 శాతం, అంటే 4,500, అద్దె కట్టగలడు. పనికి దగ్గరలో ఇల్లు 9,000 పలికితే నెలకు 4,500, ఏడాదికి 54,000 లోటు. దానిలో ఎనిమిదో వంతు 6,750 రూపాయలు. గదికి సమర్థించుకోగల గరిష్ఠ రుసుము ఇదే. ఇందులో సుమారు అరవై శాతం, అంటే 4,000 మాత్రమే అడగడం వివేకం: నిండిన రాత్రికి 20 రూపాయలు పడుతుంది, యజమాని ఎంత వాదించినా వ్యాపారం మునిగిపోయిందని అనలేడు. ప్రతిపాదనకు ముందు ఈ ఊహల స్థానంలో స్థానిక సర్వే అంకెలు చేర్చాలి. పనివాళ్లను అడగకుండా యజమానులనే అడిగిన సర్వే ఎందుకూ కొరగాదు.

మినహాయింపులు తక్కువగా, కారణంతో ఉండాలి. యజమాని అదే ఇంట్లో ఉంటూ ఒకటి రెండు గదులు ఇస్తే అద్దె ఇల్లు తగ్గినట్లు కాదు. కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే గుర్తింపు కూడా యజమాని నివసించే ఇళ్లకే, ఆరు గదుల వరకే ఇస్తుంది. విక్టోరియాలోనూ సొంత నివాసానికి మినహాయింపు ఉంది. హోటళ్లను ఎందుకు వదిలారని తప్పక అడుగుతారు. నివాస అనుమతితో కట్టిన ఇల్లు నివాసాల నుంచి తప్పుకోవడమే ఈ రుసుముకు మూలమని, హోటల్ మొదటి నుంచీ వాణిజ్య భవనమేనని ముసాయిదాలోనే రాయకపోతే సమానత్వ హక్కు పేరిట సవాలు ఎదురవుతుంది.

వసూలైన సొమ్ము సాధారణ నిధిలో కలిసిందంటే కాలువల పూడికతీతకు, వీధి దీపాలకు పోతుంది. అవీ అవసరమే, కానీ రుసుముకు చెప్పిన కారణం కూలిపోతుంది. కనుక ప్రత్యేక ఖాతా తెరవాలని తీర్మానంలోనే పేర్కొనాలి. ఖర్చు విషయంలో ఊరి చివర కొత్త బ్లాకులు కట్టాలన్న ఉత్సాహాన్ని కొంత అదుపులో పెట్టుకోవడం మంచిది. పట్టణ పేదల కోసం ప్రభుత్వం కట్టించిన టిడ్కో ఇళ్లు 300, 365, 430 చదరపు అడుగుల్లో మన కళ్లముందే ఉన్నాయి. ఇల్లు బాగున్నా రాత్రి పదింటికి పని ముగించిన వంటమనిషికి అక్కడికి బస్సు ఉండకపోతే ఏం లాభం? కొలరాడోలోనే వేల్ పట్టణం 2017 నుంచి, స్థానికంగా పనిచేసేవారే ఉండాలన్న షరతును ఇంటి దస్తావేజులో రాయించి, అందుకు యజమానికి సొమ్ము చెల్లిస్తోంది. ఆరిలోవ, హనుమంతవాక, పెదవాల్తేరు ప్రాంతాల్లోని చిన్న పోర్షన్ల యజమానులతో పదేళ్ల ఒప్పందం చేసుకొని, అద్దె తేడాను ఖాతా నుంచి నేరుగా చెల్లిస్తే, మొదటి ఏడాదిలోనే కొన్ని కుటుంబాలు ఇళ్లలోకి చేరతాయి. పెద్ద మొత్తం కూడిన తరువాత, 2024లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0లోని అద్దె గృహాల విభాగంతో కలిపి కట్టడం గురించి ఆలోచించవచ్చు.

లబ్ధిదారుల ఎంపికకు కుటుంబ వార్షిక ఆదాయం 3 లక్షల లోపు ఉండడం, జీవీఎంసీ పరిధిలో పనిచేస్తున్నట్లు యజమాని లేదా అపార్ట్‌మెంటు సంఘం ఇచ్చే ధ్రువపత్రం చాలు. జీతం స్లిప్పు అడిగితే సెల్లారులో ఉండే వాచ్‌మన్ మొదటి అడుగులోనే అనర్హుడవుతాడు.

ముసాయిదాను బడ్జెట్ సమావేశానికి ముందే కౌన్సిల్‌కు అందించి, వసూలును ఏప్రిల్ 1తో మొదలయ్యే ఆర్థిక సంవత్సరానికి ముడిపెడితే, డిసెంబరు, జనవరి రద్దీ వచ్చేనాటికి నమోదు సంఖ్యలు ప్రకటనల్లో కనిపించడం మొదలవుతుంది. ఏ వార్డు నుంచి ఎంత వచ్చిందో, ఏ పోర్షన్‌కు ఎంత చెల్లించారో మూడు నెలలకోసారి వార్డు సచివాలయం నోటీసు బోర్డుపై అంటించాలన్న నిబంధనను కూడా ఆ ముసాయిదాలోనే చేర్చండి.