జరీ మేల్కట్టు చిరగకుండా కట్టడం, చుట్టి దాచడం

మేల్కట్టు, అంటే పైన కప్పులా కట్టే గుడ్డ పందిరి, కట్టేటప్పుడు నాలుగు మూలలకీ తాళ్లు వేసి బిర్రుగా లాగేస్తారు చూడండి, చిరగడం సరిగ్గా అక్కడే మొదలవుతుంది. అసలైన జరీ అంటే పట్టుదారానికి చుట్టిన వెండి తీగ, పైన బంగారు పూత. ఆ బరువుకి కుచ్చులూ ఝాలరూ తోడైతే మొత్తం మోసేది పాపం ఆ పట్టుగుడ్డే.

అందుకని ముందు వెనకవైపు మందపాటి నూలుగుడ్డ అస్తరు వేయండి. ఆ నూలుగుడ్డని ఒకసారి తడిపి ఆరబెట్టాకే కుట్టాలి, లేకపోతే తర్వాత అది కుంచించుకుపోయి పట్టు ముడతలు పడుతుంది. అంచు చుట్టూ గట్టి పట్టీ కుట్టి, దానికి జానెడుకొక నాడా పెట్టి, చట్రానికి కొంచెం వదులుగా కట్టండి. సూది, పిన్ను, మేకు ఏదైనా సరే పట్టులోకి దిగకూడదు. పెద్ద మేల్కట్టయితే మధ్యలో కిందికి జారుతుంది కాబట్టి అస్తరు మీదుగా రెండు పట్టీలు అడ్డంగా వేస్తే బరువు అవి మోస్తాయి.

యూరప్ చర్చిల్లో ఇలాంటి పందిరిని బాల్డకీన్ అంటారు, బాగ్దాద్ పట్టుకి ఉన్న పేరు నుంచే ఆ మాట పుట్టింది. రోమ్‌లోని సెయింట్ పీటర్స్ చర్చిలో 17వ శతాబ్దంలో శిల్పి బెర్నీని చేసిన పందిరికైతే కుచ్చులు కూడా కంచుతో పోతపోశారు, ఆయనకి మన టెన్షన్లేవీ లేవు!

దీపాలు నేరుగా కింద పెట్టొద్దు. నిప్పు భయం సరే, నూనె మసి ఒకసారి పట్టిందంటే వదలదు. ఎండకి వెలిసిన రంగూ అంతే, తిరిగి రాదు.

జరీ మఖమల్‌ని నీళ్లలో ముంచకండి. దుమ్ముకి వాక్యూమ్ క్లీనర్‌ని బాగా తక్కువలో పెట్టి, మధ్యలో సన్నటి నెట్ గుడ్డ అడ్డుపెట్టి లాగితే చాలు. నల్లబడిన జరీని నిమ్మరసంతోనో వెండి పాలిష్‌తోనో రుద్దితే మెరుపు వస్తుంది నిజమే, కానీ రుద్దిన ప్రతిసారీ బంగారు పూత కాస్త పోతుంది, నేనైతే నల్లగానే ఉంచేస్తాను.

దాచేటప్పుడు మడతల కన్నా చుట్ట మేలు. లావు అట్ట గొట్టానికి తెల్ల నూలుగుడ్డ చుట్టి, దాని మీద జరీ వైపు బయటికి ఉండేలా చుట్టండి, అప్పుడు ముడతలు పడితే అస్తరుకే పడతాయి. ప్లాస్టిక్ కవర్ వద్దు, చెమ్మ లోపలే ఉండిపోతుంది. రబ్బరు బ్యాండ్లు అసలే వద్దు, వాటిలోని గంధకం వెండిని నల్లబరుస్తుంది. పట్టుని తినే పురుగులుంటాయి, అప్పుడప్పుడు నీడలో విప్పి చూసుకోండి. ముందువైపు అంచేదో చీటీ మీద రాసి చుట్టకి కట్టండి, లేదంటే వచ్చేసారి నిచ్చెన మీద నిలబడి వాదించుకోవాలి.