తుర్తుక్ వెళ్లేవాళ్లు ముందు లేహ్‌లో ఆగండి

లడఖ్‌లో ష్యోక్ నది ఒడ్డున, నియంత్రణ రేఖకు దగ్గర్లో ఉన్న, బల్తీ భాష మాట్లాడేవాళ్ల ఊరు తుర్తుక్. ఎత్తు దాదాపు 3,000 మీటర్లు, లేహ్ కన్నా తక్కువే. ప్రాణం మీదికి తెచ్చేది ఊరు కాదు, దారి. మధ్యలో 5,300 మీటర్లు దాటిన ఖర్దుంగ్ లా కనుమ ఉంది.

హైదరాబాద్‌లో పొద్దున్నే విమానం ఎక్కితే అదే రోజు 3,500 మీటర్ల ఎత్తున లేహ్‌లో దిగుతారు. ఆ పల్చటి గాలికి ఒళ్లు అలవాటు పడాలంటే అక్కడ కనీసం రెండు రాత్రులు పడుకోవాలి. మొదటి రోజు గదిలోనే ఉండండి, మద్యం ముట్టకండి. ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర సాధారణంగా పెద్దవాళ్లకు 125 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, ఎత్తుకు వెళ్లే ముందురోజు నుంచి ఇస్తారు. డాక్టర్ని అడగకుండా వేసుకోకండి, సల్ఫా మందులు పడకపోతే ఆ మాట ముందే చెప్పండి. మూత్రం ఎక్కువగా రావడం, వేళ్లు చిమచిమలాడడం ఈ మాత్ర వల్లే.

తలనొప్పి, వికారం ఉంటే ఇంకా పైకి వెళ్లొద్దు. అనుమానంగా ఉన్న మనిషిని ఒక కాలి మడమను రెండో కాలి వేళ్లకు ఆనిస్తూ తిన్నగా నడవమనండి. తూలితే మెదడు వాస్తోందని అర్థం. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందేమో. ఈ రెంటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా చూడకండి. వెంటనే కిందికి దించి ఆసుపత్రికి చేర్చండి. కనుమ మీద ఫొటోలకు పదిహేను నిమిషాలు చాలు.

మధ్యాహ్నానికి మంచు కరిగి వాగులు రోడ్డెక్కుతాయి, పొద్దున్నే బయల్దేరండి. దారిలో వచ్చే డిస్కిట్‌లో బండి ట్యాంకు నింపుకోండి, నగదు పెట్టుకోండి. మన ప్రీపెయిడ్ సిమ్ లడఖ్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ కావాలి. సరిహద్దు ప్రాంతంలోకి వెళ్లేందుకు ఇచ్చే ఇన్నర్ లైన్ పర్మిట్ జిరాక్సులు నాలుగైదు ఉంచుకోండి. విదేశీ పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు మీద వచ్చే మనవాళ్లకు ఈ పర్మిట్ చాలదు, విదేశీయుల పర్మిట్ తీసుకోవాలి.

1971 డిసెంబర్ దాకా ఈ ఊరు పాకిస్తాన్ అధీనంలో ఉండేది. యుద్ధంలో భారత సైన్యం స్వాధీనం చేసుకోగానే, అటు పనికీ చదువుకీ వెళ్లినవాళ్లు అటే ఉండిపోయారు. పర్యాటకులను రానిచ్చింది 2010లో. అవతలి బంధువుల గురించి వాళ్లంతట వాళ్లు చెబితే వినండి, గుచ్చిగుచ్చి అడగకండి. ఆడవాళ్లను అడగకుండా ఫొటో తీయకండి. వంతెనలు, సైనిక శిబిరాల వైపు కెమెరా తిప్పనే వద్దు.

మన ఖుబానీ కా మీఠాలో వేసే పండు ఇక్కడ జులై, ఆగస్టుల్లో చెట్ల నిండా ఉంటుంది. అవి ఇళ్లవాళ్ల చెట్లు, కొనుక్కుని తినండి. గింజ పగలగొడితే లోపల బాదంలాంటి పప్పు ఉంటుంది. అది చేదుగా తగిలితే ఉమ్మేయండి, ఆ చేదుపప్పు కడుపులోకి వెళ్తే సైనైడ్ విడుదలవుతుంది.