ఆర్కెస్ట్రా వినడం నేర్చుకుందాం – 4: వెనక్కి తిప్పినా మారని లయ

కిందటి పాఠం 1889 పారిస్ ప్రదర్శనలో జావా కంచు వాద్యాల బృందం గామెలాన్‌ను విన్న ఫ్రెంచి స్వరకర్త దెబ్యుస్సీ దగ్గర ఆగింది. పొరలు విడదీసి వినడం అప్పుడు సాధన చేశాం. ఈసారి స్వరాలనీ వాద్యాలనీ పక్కన పెట్టి లయ ఒక్కటే పట్టుకుందాం. బడిలో నేర్చుకున్న గణాలు గుర్తుంటే సగం పని అయిపోయినట్టే.

భ గణం అంటే గురువు, లఘువు, లఘువు. దాన్ని చివరి నుంచి చదివితే స గణం అవుతుంది. య గణాన్ని తిప్పితే త గణం. ర గణం మాత్రం ఎటు నుంచి చదివినా ర గణమే: గురువు, లఘువు, గురువు. ఫ్రెంచి స్వరకర్త ఒలివియే మెస్సియాన్ (1908–1992) మనసు పారేసుకున్నది ఇలాంటి లయల మీదే.

13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు రాసిన ‘సంగీత రత్నాకరం’లో 120 దేశీ తాళాలున్నాయి. ఆ పట్టిక ఒక ఫ్రెంచి సంగీత విజ్ఞాన సర్వస్వంలో అచ్చయింది, మెస్సియాన్ కంట పడింది. అందులోని ఢేంకీ తాళం అచ్చంగా మన ర గణం. అయితే ఆయన తీసుకున్నది కాలప్రమాణాలను మాత్రమే. రాగాన్నీ ఆవర్తాన్నీ ముట్టుకోలేదు. కాబట్టి ఆయన సంగీతంలో కచేరీ పోలికలు వెతకకండి, నిరాశ పడతారు. ఒక పుస్తకంలోని కొలతలు ఇంకో లోకంలో ఎలా బతికాయో వినండి. నాకు అదే గొప్పగా అనిపిస్తుంది.

ఇక చేతులు కలపండి. గురువుకు రెండు, లఘువుకు ఒకటి, మొత్తం ఐదు మాత్రలు. ఒకటి నుంచి ఐదు దాకా లెక్కపెడుతూ 1, 3, 4 మీద చప్పట్లు కొట్టండి. 2, 5 మౌనం. ఆపకుండా ఇరవై సార్లు. దాదాపు అందరూ తప్పేది ఐదో మాత్ర దగ్గరే. నాలుగో మాత్ర మీద చప్పట్టు పడగానే చెయ్యి తొందరపడుతుంది, ఆఖరి గురువు లఘువైపోతుంది, ఐదు కాస్తా నాలుగవుతుంది. నేనూ మొదట్లో అక్కడే జారేవాణ్ణి. ఐదు అనేటప్పుడు అరచేతులు విడదీసి పైకి తిప్పండి, ఆ మౌనం చేతికి తెలుస్తుంది.

అది కుదిరాక మెస్సియాన్ వాడిన 3-5-8-5-3 పట్టండి. మొత్తం 24 మాత్రలు. చప్పట్లు 1, 4, 9, 17, 22 మీద పడాలి. మధ్యలోని ఎనిమిది మాత్రల నిరీక్షణ చాలా పొడుగ్గా అనిపిస్తుంది, కంగారుపడకండి. అటూ ఇటూ లయ ఆ ఎనిమిది చుట్టూ అద్దంలోలా కుదురుకుంటుంది.

వినికిడికి మెస్సియాన్ రాసిన ‘తురంగలీల’ సింఫనీ పెట్టుకోండి. పేరు సంస్కృత పదాలతో కట్టిందే. లెనార్డ్ బెర్న్‌స్టీన్ నిర్వహణలో 1949లో బోస్టన్‌లో మొదటిసారి వినిపించారు. మొత్తం పది భాగాలు. మొదటి భాగం చాలు ఇప్పటికి. ట్రాంబోన్లు అనే ఇత్తడి ఊదువాద్యాలు బరువుగా, బండరాళ్లు దొర్లించినట్టు వాయించేది ఒకటి వినిపిస్తుంది, దాన్ని మెస్సియాన్ ‘విగ్రహం’ అన్నారు. కాసేపటికి రెండు క్లారినెట్లు మెత్తగా పలుకుతాయి, అది పువ్వు. ఈ రెండూ గుర్తుపట్టేదాకా వినండి.

వచ్చే పాఠానికి ఒక పని. ఎడమచేత్తో ఐదు మాత్రల ఢేంకీ మార్చకుండా నడపండి. కుడిచేత్తో మొదట రెండు మాత్రలకో దెబ్బ, తర్వాత మూడింటికి, ఆపైన నాలుగింటికి, ఇలా పెంచుకుంటూ వెళ్లండి. ఒకటి కదలదు, ఇంకొకటి పెరుగుతూ పోతుంది. మెస్సియాన్ వీటిని లయ పాత్రలు అనేవారు. మూడో పాత్ర కూడా ఉంది, అది తరిగిపోయేది. దాన్ని వచ్చేసారి కలుపుకుందాం.