వాక్యంలో ‘బల్ల’ను గుర్తుపట్టడం ఎలా?

తెలుగు నేర్చుకుంటున్నవారికీ, తెలుగు నుంచి మరో భాషలోకి అనువదించేవారికీ ‘బల్ల’ చాలా తేలికైన మాటగా కనిపిస్తుంది. టేబుల్ అని రాసుకొని ముందుకు సాగిపోతారు. పొరపాటు అక్కడే జరుగుతుంది. బల్ల అంటే అన్నిటికంటే ముందు వెడల్పైన చెక్క పలక. దానికి కాళ్లు బిగించి రాసుకోవడానికో, తినడానికో, కూర్చోవడానికో వాడుకుంటే ఆ సామానుకూ అదే పేరు నిలిచింది. ఈ సంగతిని మనసులో ఉంచుకొని చదివితే ఆ మాటకున్న అర్థాలు చాలావరకు వాటంతట అవే విడివడతాయి.

మొదట ఆ మాటకు ముందు ఏముందో చూడండి. భోజనాల బల్ల, రాతబల్ల అన్నప్పుడు సందేహం లేదు. నల్లబల్ల, ఉయ్యాల బల్ల, జారుడుబల్ల అన్నప్పుడు మాత్రం మనకు కావలసింది పలకే. ‘బడిలో చివరి బల్ల’ అంటే సాధారణంగా పిల్లలు కూర్చునే బెంచీ. ముందు ఏ మాటా లేకపోతే వెనుక ఉన్న క్రియే దారి చూపుతుంది: బల్ల మీద కూర్చున్నారంటే అది బెంచీ, బల్ల మీద పుస్తకం పెట్టారంటే అది టేబుల్ కావచ్చు.

తరువాత జాతీయాల సంగతి. ఇక్కడ క్రియను మరింత శ్రద్ధగా చూడాలి, ఎందుకంటే ‘బల్ల గుద్దడం’, ‘బల్లలు చరచడం’ అనే రెండూ ఒకే పనిలా కనిపించినా వాటి అర్థాలకు పొంతనే లేదు. ‘బల్ల గుద్ది చెబుతున్నాను’ అనే మనిషి ఎదుట బల్ల ఉండనవసరం లేదు. పొలం గట్టున నిలబడి కూడా ఆ మాట అనవచ్చు. అందులో కోపం లేదు, తాను చెప్పేది నిజమనే గట్టి నమ్మకం ఉంది. ఈ జాతీయంలో బల్ల సాధారణంగా ఏకవచనమే, దాని వెంట వచ్చేది ఎక్కువగా చెప్పడం, వాదించడం వంటి క్రియే. దీనిని వాడదలచుకున్నవారు అదే వాక్యంలో ‘బహుశా’, ‘అనుకుంటాను’ వంటి మాటలు చేర్చకూడదు. చేరిస్తే జాతీయం ప్రాణమే పోతుంది. ఇక ‘సభ్యులు బల్లలు చరిచారు’ అనే వాక్యం చట్టసభల వార్తల్లో కనిపిస్తుంది. అక్కడ చప్పట్లకు బదులు ముందున్న బల్లలను అరచేతులతో తట్టి హర్షం తెలపడం ఆనవాయితీ. గుద్దడానికి పిడికిలి కావాలి, చరచడానికి అరచెయ్యి చాలు. నా దృష్టిలో అర్థభేదమంతా ఆ చేతిలోనే ఉంది. బల్లలు చరచడాన్ని ఆగ్రహంగా అనువదిస్తే వార్తే తలకిందులవుతుంది.

సందేహం మిగిలితే బల్లను తీసి టేబుల్ పెట్టి చదవండి. ‘టేబుల్ గుద్ది చెబుతున్నాను’ అంటే చెవికి వెలితిగా తోస్తుంది, అంటే అది గడ్డకట్టిన జాతీయం. ‘బల్ల కింద చేతులు చాచడం’ అంటే లంచానికి ఆశపడటం. దీనిలో మాత్రం టేబుల్ పెట్టినా అర్థం చెడదు, జనం రెండు విధాలుగానూ అంటారు. కాబట్టి ఈ పరీక్ష ఒక్కదానితోనే తీర్పు చెప్పకుండా చుట్టూ ఉన్న సందర్భాన్ని కూడా చూడాలి.

‘బల్లకట్టు’, ‘బల్లపరుపు’ అనే సమాసాలను విడదీసి అనువదించకూడదు. బల్లకట్టు మనుషులనూ వాహనాలనూ ఏరు దాటించేది. పల్నాటి వైపు కృష్ణా నది మీద ఆ మాట ఇప్పటికీ నిత్యవ్యవహారంలో ఉంది. బల్లపరుపు అంటే ఎత్తుపల్లాలు లేని సమతలం, దానికి పడుకునే పరుపుతో పనిలేదు.

అన్నిటికంటే జాగ్రత్త కావలసినది ‘కడుపులో బల్ల’. పెద్దవారి మాటల్లో ఇది ప్లీహం (స్ప్లీన్) అనే అవయవం వాచి పెరగడం. ప్లీహం కడుపులో ఎడమ వైపున, పక్కటెముకల కింద ఉంటుంది; మలేరియా వంటి జ్వరాలు పదేపదే వస్తే అది పెరిగి చేతికి గట్టిగా తగులుతుంది. పలకలా తగలడాన్ని బట్టే ఈ పేరు వచ్చిందని ఊహించడం కష్టం కాదు. ఈ వాడుక పట్టణాల్లో పెరిగినవారికి అంతగా తెలియదు గనుక, ఆసుపత్రిలో పెద్దవారి మాటను వైద్యులకు చేరవేసేవారు దానిని ‘కడుపు గట్టిగా ఉందట’ అని మార్చి చెప్పే ప్రమాదం ఉంది. అలా మార్చకండి. బల్ల ఎటువైపు ఉందో, ఎన్నాళ్లుగా ఉందో, జ్వరం వచ్చిపోతోందో లేదో అడిగి, వారు అన్న మాటను అన్నట్టే చెప్పి, దాని అర్థం ప్లీహం వాపు అని కూడా వైద్యులకు తెలియజేయండి.