పాత కారు కొనే ముందు, విప్పే ముందు

ఇంటిల్లిపాదీ కలిసి ఒక పాత అంబాసిడర్‌నో, ప్రీమియర్ పద్మినినో బాగుచేసుకోవాలనుకునే హైదరాబాద్ కుటుంబాలు బయానా ఇచ్చే ముందే ఛాసిస్ నంబరునూ, ఇంజిన్ నంబరునూ ఆర్సీతో స్వయంగా సరిపోల్చుకోవాలి. బండి వేరే రాష్ట్రానిదైతే, అక్కడి నిరభ్యంతర పత్రం చేతికందేదాకా మిగతా డబ్బు చెల్లించకూడదు.

2021లో సవరించిన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం, 50 ఏళ్లు దాటి అసలు రూపం చెడని సొంత కారును వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. కానీ అలా నమోదైన కారును రోజువారీ ప్రయాణాలకు వాడకూడదు కనుక, పిల్లలను అందులో బడికి దింపాలనుకునేవారు ఈ దారి ఎంచుకోకపోవడమే మంచిది.

అన్నింటికన్నా నిదానంగా చూడవలసింది తుప్పు. ఇంజిన్‌ను మళ్లీ కట్టించుకోవచ్చు, సికింద్రాబాద్‌లోని రాణిగంజ్‌ దుకాణాల్లో ఓపికగా వెతికితే విడిభాగాలూ దొరకవచ్చు. కాళ్ల కింది రేకు, తలుపుల కింది అంచులు తుప్పు తినేసిన బండికి మాత్రం టింకరింగ్ (రేకు మరమ్మతు) ఖర్చు కొన్న ధరనే మించిపోగలదు. అందుకే మ్యాట్లు ఎత్తించి, పగటి వెలుగులో, రేకుకు అయస్కాంతం ఆనించి చూడాలి; అది పట్టని చోట రంగు కింద పుట్టీ మందంగా ఉందని అనుమానించాలి. కొత్తగా రంగు వేసి అమ్మకానికి పెట్టిన బండినే నేను ఎక్కువసేపు పరిశీలిస్తాను.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ తీగ విప్పాలి. కారు కిందికి వెళ్లేవారు జాకీని ఒక్కదాన్నే నమ్మకుండా గట్టి స్టాండ్లు పెట్టుకోవాలి. పాత బ్రేక్ లైనింగుల్లో, పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు కాబట్టి ఆ ధూళిని ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి, ఆ పూట పిల్లలను దూరంగా ఉంచాలి. ఖాళీగా కనిపించే పెట్రోలు ట్యాంకులోనూ ఆవిరి నిలిచి ఉంటుంది కనుక దానికి ఇంట్లో వెల్డింగ్ చేయించకూడదు. ఇథనాల్ కలిసిన నేటి పెట్రోలు పాత రబ్బరు గొట్టాలను పాడుచేస్తుంది; వాటిని ఇంజిన్ స్టార్ట్ చేయకముందే మార్చాలి.