అమెరికా కౌంటీ కోర్టులో బెంచ్ వారెంటును కనుక్కుని రద్దు చేయించుకునే విధానం

అమెరికాలో కోర్టు వాయిదాకు హాజరు కాకపోతే జడ్జి బెంచ్ వారెంట్, అంటే అరెస్టు ఉత్తర్వు, జారీ చేయవచ్చు. అది సాధారణంగా దానంతటది రద్దు కాదు, ఏళ్ల తరువాత పోలీసులు కారు ఆపినప్పుడు బయటపడవచ్చు. ముందుగా కేసు నడిచిన కౌంటీ (మన జిల్లా వంటిది) కోర్టు క్లర్కు వెబ్‌సైట్‌లో కేసు నంబరుతోగానీ పేరుతోగానీ వెతకాలి. మన పేర్లలో ముందు వెనుకలు తారుమారవడం మామూలే కనుక రెండు విధాలా చూడాలి. కనిపించనంత మాత్రాన వారెంట్ లేదని కాదు. షెరీఫ్ (కౌంటీ పోలీసు అధికారి) కార్యాలయానికి స్వయంగా వెళ్లి అడిగితే అక్కడికక్కడే అరెస్టు చేయవచ్చు కాబట్టి, లాయరు చేత వాకబు చేయించడం మేలు. లాయరు ఉపసంహరణకు పిటిషన్ వేస్తే, విచారణ రోజున గైర్హాజరుకు కారణం చూపే ఆసుపత్రి కాగితమో, చిరునామా మారిన రుజువో వెంట ఉండాలి. రద్దయ్యాక ఉత్తర్వు నకలు కొన్నాళ్లు కారులో ఉంచుకోండి, పోలీసు రికార్డుల్లో మార్పు ఆలస్యం కావచ్చు. గిఫ్ట్ కార్డులతో కడితే వారెంట్ పోతుందని ఫోన్ చేసేవాడు మోసగాడే.